దిగులు కాదు, కడుపునొప్పి

మీ ఇంట్లో చిన్న కుక్క ఉండి, అది ఎప్పుడైనా ముందుకాళ్ళు చాపి, ఛాతీ నేలకు ఆనించి, వెనకభాగం మాత్రం పైకెత్తి అలాగే ఉండిపోతే, ఫోన్ తీసి వీడియో పట్టకండి. డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఆటకు పిలిచేటప్పుడు కూడా కుక్కలు ఇలాగే వంగుతాయి. కానీ ఆటకైతే తోక ఊపుతాయి, వెంటనే ఎగిరి పరుగెడతాయి. నొప్పికైతే కదలవు. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆలోగా మా కుక్క చావు దాకా పోయింది. ఇప్పుడు బాగుంది. నేను ఇది రాస్తుంటే నా కుర్చీ కింద పడుకుని ఉంది.

నేను బొగ్గు గనుల్లో సర్వేయర్‌గా పనిచేశాను. చివరి పద్దెనిమిదేళ్ళు భూపాలపల్లిలో. మా పనిలో ఫీల్డ్ బుక్ అని ఒకటుంటుంది. కొలిచిన అంకెను అక్కడికక్కడే అందులో రాయాలి. తప్పు రాస్తే చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాయాలి. కొట్టేసినది తర్వాత చూసేవాళ్ళకు కనిపించాలి. ఇంట్లో విషయాలు కూడా అలాంటి పుస్తకంలోనే రాసుకునే అలవాటు నాది. నా భార్య సుజాత నవ్వేది. చివరికి ఆ అలవాటే పనికొచ్చింది, కొంచెం ఆలస్యంగా.

ఫిబ్రవరి

సుజాత కిందటి ఏడాది ఫిబ్రవరిలో ఒక పొద్దున క్వార్టర్ వంటగదిలో పడిపోయింది. గుండె. ఆమె గురించి రాయవలసింది చాలా ఉంది. ఇక్కడ రాస్తున్నది అది కాదు.

బబ్బెర ఆమె కుక్క. పక్క క్వార్టర్ వాళ్ళ పామేరియన్‌కు పుట్టిన ఐదు పిల్లల్లో చివరిది. గోధుమరంగు ఒళ్ళు, ముఖం మీద ఒకే నల్లమచ్చ. బబ్బెర గింజలాగా, అంటే బొబ్బర గింజలాగా, ఉందని సుజాత ఆ పేరు పెట్టింది. ఎనిమిదేళ్ళది, నాలుగున్నర కిలోలు. నేను డ్యూటీకి పోతే పగలంతా వాళ్ళిద్దరే. నాకూ అదంటే ఇష్టమే గాని, దాని తిండీ మందూ స్నానం ఏవీ నాకు తెలియవు.

మా ఇద్దరిదీ ఒకే ఊరు, నెల్లికుదురు దగ్గర. మా అమ్మానాన్నలు లేరు, మా ఇల్లూ లేదు. అందుకని కర్మలన్నీ అత్తగారింటి వాకిట్లోనే జరిగాయి. మూడో రోజు పిట్టకు పెట్టాం. సుజాతకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, పక్కకు జరిగి కాకి కోసం చూశాం. గోడ మీద రెండు కాకులు కూర్చున్నాయి గాని దిగలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో బెంగ ఉన్నట్టు లెక్క. ఒక్కొక్కరు ముందుకొచ్చి మాట ఇవ్వాలి. నా బామ్మర్ది యాదగిరి, అవ్వను, అంటే వాళ్ళమ్మను, ఎన్నడూ ఒక్క మాట అననన్నాడు. నేను బీపీ గోలీలు మరిచిపోకుండా వేసుకుంటానన్నాను. కాకులు కదలలేదు. అప్పుడు మా అత్తమ్మ లేచింది. డెబ్బై దాటిన మనిషి. విస్తరి ముందు వంగి, పక్కగదిలో ఉన్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది.

“నీ బబ్బెర సంగతి నేను జూస్కుంట బిడ్డా. నీకు పెట్టిన పూటల్లా మొదటి ముద్ద దానికే పెడ్త.”

కాకి దిగింది. అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఇలాంటి వాటి మీద నాకు నమ్మకం తక్కువ. కానీ కాకి దిగడం నేను చూశాను. చూసింది రాయాలి.

మార్చి నుంచి మే

మొదటి మాసికానికి బబ్బెరను కారులో వెంట తీసుకుపోయాను. యాటకూర, బోటి, గారెలు వండారు. అత్తమ్మ మాట నిలబెట్టుకుంది. కొవ్వు బాగా ఉన్న కూరను బువ్వలో కలిపి మొదటి ముద్ద దాని నోట్లో పెట్టింది. తర్వాత ఇంట్లోవాళ్ళు తలా ఒకటి పెట్టారు. అది తినడం చూస్తుంటే సుజాత తింటున్నట్టే అనిపించిందని యాదగిరి భార్య కళ్ళు తుడుచుకుంది. ఎవరూ చెడ్డ మనసుతో పెట్టలేదు.

భూపాలపల్లికి తిరిగొచ్చిన మర్నాడు బబ్బెర పసుపుపచ్చ నురగ కక్కింది. అన్నం ముట్టలేదు. ఆ తెల్లారి ముందుగదిలో, సుజాత ఫోటో పెట్టిన పీట ముందు, ముందుకాళ్ళు చాపి తల వంచి వెనకభాగం పైకెత్తి నిలబడింది. చాలాసేపు అలాగే ఉంది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. ఫోన్ తీసి వీడియో పట్టి యాదగిరికి పంపాను.

సాయంత్రానికి అది చుట్టాలందరి ఫోన్లలోకి చేరింది. ఎవరో దానికి ఏడుపు పాట ఒకటి తగిలించి స్టేటస్ పెట్టుకున్నారు. ఎన్నడూ మాట్లాడనివాళ్ళు కూడా ఫోన్ చేశారు.

“మన్సులకన్న నయం బావ,” అన్నాడు యాదగిరి. “మా అక్కను యాది జేస్కుంట దండం పెడ్తున్నది.”

నేను చాలా పుస్తకాలు చదివినవాణ్ణి. అది ఇక్కడ నాకు మేలు చేయలేదు. యజమాని పోతే తిండి మానేసి ప్రాణం వదిలిన కుక్కల కథలు వాటిలో ఎన్నో ఉన్నాయి. నేను వాటిని నమ్మినట్టు అంతకుముందు నాకే తెలియదు. ఆ రోజు ఫీల్డ్ బుక్‌లో ఇలా రాశాను: “బబ్బెర అన్నం ముట్టలేదు. ఫోటోకు దండం పెట్టింది. దిగులు.”

అక్కడి పశువుల డాక్టరుకు చూపించాను. ఏమైందని ఆయన అడిగితే వీడియో చూపించాను. ఆయన కళ్ళు కూడా తడి అయ్యాయి. వాంతికి సూది వేశాడు, ఎండలు ముదురుతున్నాయి నీళ్ళు బాగా తాగించమన్నాడు. ఆయన తప్పేమీ లేదు. నేను ఆయనకు రోగం చెప్పలేదు, కథ చెప్పాను. ఏం తిన్నదో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నాలుగు రోజులకు కోలుకుంది. ఏప్రిల్ మాసికం తర్వాత మళ్ళీ అదే. ఆ నెలాఖరుకు నేను రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, జనగామలో ముందే కట్టుకున్న ఇంటికి వచ్చేశాను. మేలో మళ్ళీ అదే. అప్పటికి ఒళ్ళు తగ్గి, వీపు మీద చెయ్యి పెడితే ఎముకలు తగిలేవి. చూసినవాళ్ళందరూ దిగులుతో చిక్కిపోయిందన్నారు. చిక్కిపోయింది గనక ఇంకో ముద్ద పెట్టారు. జనగామలో నేను కూడా తక్కువేం చేయలేదు. సుజాత ఉన్నప్పుడు పొద్దున పాలమీది మీగడ దానికి పెట్టేదని గుర్తుపెట్టుకుని, గిన్నెడు మీగడ పెట్టాను. సుజాత పెట్టింది చెంచాడని నాకు తెలియదు.

జూన్

నాలుగో మాసికం అయిన మర్నాడు పొద్దున, అత్తగారింటి వాకిట్లో బబ్బెర లేవలేదు. ఎనిమిదింటికల్లా ఐదుసార్లు కక్కింది. తర్వాత విరేచనంలో నెత్తురు పడింది. నోట్లో వేలు పెట్టి చూస్తే చిగుళ్ళు ఎండి జిగటగా ఉన్నాయి. నేను కారు తాళం తీసుకున్నాను. అత్తమ్మ అడ్డం రాలేదు గాని, కూర్చున్న చోటునుంచే అంది.

“దాని పాణం నా బిడ్డ కోసం కొట్టుకుంటున్నది అల్లుడా. ఎందుకు తిప్పలపెడ్తవు? పోతె దాని కాడికే పోతది.”

ఇది రాయడం కష్టంగానే ఉంది. ఆ మాట నాకు నచ్చింది. తాళం చేతిలో పట్టుకుని అర నిమిషం ఆగాను. నాలుగు నెలలుగా నాకు కూడా పోవాలనే ఉండేది. ఒక కుక్కయినా ఆమె దగ్గరికి చేరితే బాగుండుననిపించింది. అప్పుడు బబ్బెర లేవడానికి ప్రయత్నించింది. కాళ్ళు నిలవక, పొట్ట నేలకు రాసుకుంటూ, చెయ్యి కడిగే తొట్టి వైపు పాకింది. నీళ్ళ కోసం. పోవాలనుకున్నది నీళ్ళ కోసం అంత కష్టపడదు. ఎత్తుకుని కారెక్కాను. యాదగిరి చెప్పులు కూడా వేసుకోకుండా వెనకసీట్లో కూర్చున్నాడు.

మహబూబాబాద్‌లో ఒక పశువుల డాక్టరు దాన్ని టేబుల్ మీద పడుకోబెట్టి, సన్నని కాలికి సూది గుచ్చి సెలైన్ పెట్టాడు. మాటలు తక్కువ మనిషి. పొట్ట నొక్కి చూసి, ఇది నా చేతిలో తేలేది కాదు, స్కానింగ్ కావాలి, జనగామలో ఒక డాక్టరమ్మ దగ్గర మిషను ఉంది, మీ ఇల్లు కూడా అక్కడే కదా అన్నాడు. ఆయనే ఆమెకు ఫోన్ చేశాడు. సెలైన్ ఆపొద్దు, దారిలో కూడా నడవాలన్నాడు. కారులో సీసా తగిలించడానికి ఏమీ లేదు. యాదగిరి దాన్ని చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. తొర్రూరు మీదుగా జనగామ దాకా, ఒక చెయ్యి గుంజితే ఇంకో చేతికి మార్చుకుంటూ, అలాగే పట్టుకున్నాడు. ఆ తర్వాత మేం పోట్లాడుకున్నప్పుడు కూడా ఆ చెయ్యి నాకు గుర్తుకొచ్చేది.

జనగామ డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళుంటాయేమో. పక్క తండాలో మేకల మధ్య పెరిగిన మనిషి. స్కానింగ్ చేసి, క్లోమం బాగా వాచిందని చెప్పింది. అది పొట్టలో నూనెలూ కొవ్వులూ అరిగించే రసం తయారుచేసే భాగమట. కొవ్వు మీద పడితే చిన్న కుక్కల్లో అది రేగుతుందట. చెప్పింది నాకు సగమే ఎక్కింది. దిగులు వల్ల కూడా అవుతుందా అని అడిగి, ఫోన్ తీసి వీడియో చూపించాను. ఆమె పాట వినపడకుండా చేసి రెండుసార్లు చూసింది.

“సర్, ఇది దండం కాదు. కడుపునొప్పి. గిట్ల వంగితే దానికి జర సుఖమనిపిస్తది.” ఫోన్ తిరిగి ఇస్తూ అడిగింది. “ఇది ఎన్నటిది?”

“మార్చిలో.”

ఆమె బబ్బెర చెవి వెనక నిమిరింది.

నొప్పి లేచే ముందు ఏం తిన్నదని అడిగింది. ఫీల్డ్ బుక్ కారులో ఉంది. తెచ్చి చూశాను. వాంతులు రాసిన చోటల్లా, దానికి రెండు మూడు వరసల పైన మాసికం అని ఉంది. నాలుగు మాసికాలు, నాలుగు జబ్బులు. నా చేతి రాతే. పక్కపక్కనే ఉన్నా చూడలేదు.

“ఒక్క ముద్దనే పెట్టినం మేడమ్,” అన్నాడు యాదగిరి. సీసా ఇంకా చేతిలోనే ఉంది.

“ఎంతమంది?”

యాదగిరి ఖాళీ చేతి వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. అవ్వ, భార్య, తను, పెద్ద చిన్నమ్మ. ఎనిమిది దగ్గర ఆపేశాడు.

జూన్ చివర, జులై

ఆరు రోజులు, పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా సెలైన్. రాత్రికి ఇంటికి తీసుకుపోవడం, పొద్దున మళ్ళీ తేవడం. వాంతి ఆగేదాకా నోటికి ఏమీ ఇవ్వొద్దన్నారు. ఆగాక చెంచాడు నీళ్ళు, అవి నిలిస్తే చెంచాడు జావ. అంతే. నా ముందు గిన్నె పెట్టుకుని కుక్కను పస్తు ఉంచడం నేను చేసిన పనుల్లో కష్టమైనది. చేశాను. మీకూ చెయ్యాల్సి వస్తే, డాక్టరు చెప్పినన్ని రోజులు చెయ్యండి. జాలి వేసి ఒక్క చెంచా ఎక్కువ పెట్టొద్దు.

వెయిటింగ్ రూమ్ అంటే ఒక రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఒక ఫ్యాను. కుక్కల కంటే మేకలూ దూడలే ఎక్కువ వచ్చేవి. ఒక తండా నుంచి ఒకామె మేకపిల్లను ఒళ్ళో వేసుకుని మూడు రోజులు వచ్చింది. నేను మందులకు పోయినప్పుడు బబ్బెర సూది కాలు ఆమే కదలకుండా పట్టుకునేది. దానితో వాళ్ళ భాషలో ఏదో మాట్లాడేది. మూడో రోజు ఒక రైతు, బర్రెకు మందు రాయించుకోవడానికి వచ్చినవాడు, కుక్కకు గిన్ని సూదులా అని నవ్వాడు.

“నీ బర్రెకు ఏస్తలేరా అన్న?” అందామె, మేకపిల్ల మీదినుంచి తల ఎత్తకుండానే.

“బర్రె పాలిస్తది.”

“మా అత్త గూడ పాలియ్యది. సూది ఏపియ్యొద్దా?”

షెడ్డంతా నవ్వింది, ఆ రైతు కూడా. నేను ఎన్ని నెలల తర్వాత నవ్వానో లెక్క లేదు.

ఆ మూడో రోజే భయం ఎక్కువైంది. బబ్బెర కళ్ళు తెరిచి ఉన్నా ఎవరినీ చూడలేదు. డాక్టరమ్మ ఇవాళ దాటితే అని మాత్రం అంది. ఆ బల్ల మీద కూర్చుని మార్చి పేజీ తీశాను. “దిగులు” అన్న మాట మీద ఒక గీత కొట్టి, పైన “నొప్పి” అని రాశాను. కొట్టేసిన మాట ఇంకా చదవడానికి వస్తోంది. చూస్తూ కూర్చుంటే అర్థమైంది. ఆ రోజు ఆ ఇంట్లో దిగులు ఉన్నమాట నిజం. అది ఎవరిదో తప్పు రాశాను.

నాలుగో రోజు బబ్బెర నా వేలు నాకింది. ఆరో రోజు నడిచింది.

ఊళ్ళో మాత్రం వేరేగా నడిచింది. యాదగిరి పోయి చెప్పింది అత్తమ్మకు ఒకే మాటగా అందింది: నీ ముద్దే దాన్ని చంపబోయింది. వారం తర్వాత యాదగిరి ఫోన్ చేశాడు. గొంతు మారింది.

“మేమేందో కుక్కకు విషం బెట్టినట్టు జేస్తున్నవు బావ. అవ్వ మూడు దినాల సంది సరిగ తింటలేదు.”

నేను డాక్టరమ్మ చెప్పినవన్నీ వరసగా అప్పజెప్పాను. క్లోమం, కొవ్వు, తేదీలు. అన్నీ సరైనవే. అవతల ఒక ముసలామె కూతురికిచ్చిన మాట పోయిందని అన్నం మానేసింది. నేను తేదీలు చదివాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఫోన్ కాలే నాకు సిగ్గు.

జులైలో, ఆగస్టులో మాసికాలకు ఒక్కణ్ణే పోయాను. అత్తమ్మ మొదటి ముద్ద తీసి అరుగు చివర ఒక ఆకులో పెట్టింది. అక్కడ కుక్క లేదు. ముద్దకు చీమలు పట్టాయి. ఎవరూ బబ్బెర ఎట్లుందని అడగలేదు.

సెప్టెంబర్

అత్తమ్మ కంటి ఆపరేషన్ జనగామలో చేయించాం. రెండు వారాలు మా ఇంట్లో ఉండాల్సి వచ్చింది. ఆమె వస్తుంటే బబ్బెర గేటు దాకా పరుగెత్తింది. ఆమె నల్లద్దాలు తీయకుండానే దాన్ని ఎత్తుకుంది. దానికి నేను పెట్టేవి తప్ప ఏమీ పెట్టొద్దని చెప్పాను. తల ఊపింది.

నాలుగో రోజు పొద్దున వంటింట్లోంచి పిలిచింది. పోయి చూస్తే, గ్యాస్ సిలిండర్ పక్కన, ముందుకాళ్ళు చాపి, ఛాతీ ఆనించి, బబ్బెర అలాగే వంగి ఉంది. అత్తమ్మ గోడ పట్టుకుని నిలబడి దాన్నే చూస్తోంది.

“అల్లుడా, ఫోటో ముందటి అర్రల ఉన్నది గదా. గిది గీడ ఎవలకు దండం పెడ్తున్నది?”

ఆమె కింద కూర్చుని చెయ్యి దాని పొట్ట కింద పెట్టింది. ఆ చేతులు జీవితమంతా మేకల పొట్టలు చూసినవి.

“రాయి లెక్క ఉన్నది,” అంది. తర్వాత, నా వైపు చూడకుండా, “నేనే పెట్టిన. సర్వపిండి. చిటికెనేలంత.” బియ్యప్పిండితో చేసి నూనెలో కాల్చే రొట్టె అది.

ఈసారి నాకు తేదీలేవీ గుర్తు రాలేదు. జూన్ దాకా నేనూ దానికి గిన్నెడు మీగడ పెట్టానని చెప్పాను. అది ఆమెకు అప్పటిదాకా తెలియదు.

“గిన్నెడా?” అంది.

“గిన్నెడు.”

ఆటోలో ఆమే ఒళ్ళో పెట్టుకుంది. ఒక పక్క కంటికి గంతలాంటి అద్దాలు, ఇంకో పక్క కుక్క. షెడ్డులో ఆమెకు బల్ల ఖాళీ చేశారు. డాక్టరమ్మ కోప్పడలేదు. మొదట్లోనే తెచ్చారు, రెండు రోజుల్లో తేరుకుంటుందంది. అట్లాగే తేరుకుంది. సూది వేస్తుండగా అత్తమ్మ ఆమెను సూటిగా అడిగింది. మొదటి ముద్ద దానికే పెడతానని బిడ్డకు మాటిచ్చాను, ఇప్పుడు ఎట్లా అని.

“గది నాకు తెల్వదు అవ్వ,” అంది డాక్టరమ్మ. “నాకు కడుపు సంగతే తెలుసు.”

ఆ రెండు వారాల్లో బబ్బెర తిండి అత్తమ్మ చేతిలోకి పోయింది. ఇప్పటికీ ఆమె చూపినట్టే చేస్తున్నాను. బియ్యపు రవ్వ మెత్తగా ఉడికించి, తోలూ కొవ్వూ తీసిన కోడిరొమ్ము రెండు ముక్కలు చిదిపి, కొంచెం గుమ్మడికాయ వేసి కలపడం. నూనె లేదు, ఉప్పు లేదు. రోజుకు నాలుగుసార్లు, గుప్పెడంత. ఇది డాక్టరమ్మ మా కుక్కకు చెప్పిన కొలత. మీ కుక్కకు మీ డాక్టరును అడగండి. ఇంటికి వచ్చేవాళ్ళకు గేటు దగ్గరే చెప్పండి, మొహమాటపడకండి. ఏం తిన్నదో, ఎప్పుడు కక్కిందో ఒకే కాగితం మీద రాయండి, రాసింది తిరిగి చదవండి. నేను రాసి, చదవలేదు. ఇంకొకటి. ఇంట్లో ఎవరైనా పోయిన తర్వాత కుక్క తిండి మానేస్తే అది దిగులు కావచ్చు. కానీ ఆ మాట డాక్టరు చెప్పాలి, మీరు చెప్పుకోవద్దు.

మళ్ళీ ఫిబ్రవరి

ఏడాది మాసికానికి బబ్బెరను వదిలి రావడానికి పక్కింటివాళ్ళతో మాట్లాడుకున్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. తీసుకురాకపోతే విస్తరి ముందు నిలబడనంది. తీసుకుపోయాను. వాకిట్లో ముప్పై మంది చుట్టాలు. దాన్ని ఒళ్ళోంచి దింపలేదు. ఎవరి చేతిలో ఏముందో చూస్తూ కూర్చున్నాను.

యాటకూర, బోటి, గారెలు, అన్నీ విస్తరిలో పెట్టారు. పక్కకు జరిగాం. గోడ మీద కాకి ఒకటి వచ్చి కూర్చుంది. దిగలేదు. పది నిమిషాలయింది. ఇంకో పది. ఎండ ఎక్కింది. ఒక్కొక్కరి చూపూ నా ఒళ్ళోకి తిరగడం మొదలైంది. అత్తమ్మ తమ్ముడు, పెద్దమనిషి, గొంతు సవరించుకున్నాడు.

“మాటిచ్చి పెడ్తలేరు. అందుకే దిగుతలేదు. ఒక్క ముద్ద పెట్టున్రి, ఏమైతది?”

బబ్బెర ముక్కు కూర వాసనకు కదులుతోంది. దాన్ని ఇంకా దగ్గరికి లాక్కున్నాను. అందరి ముందూ కాదని లేచిపోతే ఆ ఇంటితో నాకు మిగిలిన సంబంధం అక్కడితో అయిపోతుంది. పెట్టనిస్తే మళ్ళీ ఆ టేబుల్, ఆ సీసా, ఈసారి తిరిగొస్తుందన్న నమ్మకం లేదు. నేను లేవబోతుండగా యాదగిరి మాట్లాడాడు.

“ఒక్కటి ఒక్కటి అనుకుంటనే ఎనిమిది పెట్టినం మామ.”

అత్తమ్మ అప్పటికే ఇంట్లోకి పోయింది. చిన్న స్టీలు గిన్నెతో వచ్చింది. పొద్దున్నే లేచి పొయ్యి మీద ఏదో ఉడికించడం చూశాను గాని నేను అడగలేదు. రవ్వ జావ. నా దగ్గరికి వచ్చి, వేళ్ళతో కొంచెం తీసి, మొదటి ముద్ద బబ్బెర నోటికి అందించింది. అది నాకి తినేసింది. మిగిలినదాంట్లోంచి చెంచాడు తీసుకుపోయి విస్తరిలో, గారెల పక్కన పెట్టింది.

“చిన్నప్పుడు జరమొస్తె నీకు గిదే పెట్టిన,” అంది విస్తరితో. “నీ బబ్బెరకు గూడ గిదే పెడ్తున్న. మాట తప్పలే బిడ్డా. కోపం జెయ్యకు.”

మేం వెనక్కి జరిగి నిలబడ్డాం. కాసేపటికి కాకి దిగింది. జావకు ఎదురుగానే వాలింది. దాన్ని చూసింది, దాని మీదుగా దాటి, కూరలోంచి పెద్ద ముక్క ఒకటి ఎత్తుకుని ఎగిరిపోయింది.

“జరమొచ్చినా గంతే,” అంది అత్తమ్మ. “జావ పక్కకు నూకి, కూర దిక్కే జూసేది.”

మొదట యాదగిరి నవ్వాడు. తర్వాత వాకిలంతా నవ్వింది. అత్తమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వింది, ఆపరేషన్ చేసిన కన్ను జాగ్రత్తగా. బబ్బెర నా ఒళ్ళోంచి దూకి ఆమె దగ్గరికి పోయి, చేతిలోని గిన్నె వైపే చూస్తూ తోక ఊపుతూ కూర్చుంది.

ఆమె గిన్నె మీద మూత పెట్టింది.

“సాలు,” అంది దానితో. “మిగిలింది మాపటికి.”